పల్లపు నేలను మళ్ళీ చిత్తడిగా మారుస్తానంటే డబ్బు ఎవరిస్తారు?

నీటికాకి
మా భూమిలో దిగువ భాగం ఒకప్పుడు చిత్తడి నేల. నాన్నగారి కాలంలో కాలువలు తవ్వి, నీళ్ళు బయటికి పంపి, సాగులోకి తెచ్చారు. సాగు అన్నది పేరుకే. వాన బాగా పడితే పంట కుళ్ళుతుంది, పడకపోతే పెట్టుబడి కూడా రాదు. ఆ ముక్కను మళ్ళీ నీటికే అప్పగించాలని ఉంది. కొంగలు, నీటికోళ్ళు, కప్పలు ఇప్పటికీ కాలువ గట్లనే పట్టుకుని వేలాడుతున్నాయి, కాస్త చోటిస్తే చాలన్నట్టు. కానీ కాలువలు పూడ్చడానికి యంత్రం కావాలి, గుర్రపుడెక్క తీయించడానికి కూలీలు కావాలి, పశువులు దిగకుండా కంచె కావాలి. వన్యప్రాణులు అందరి సొత్తు అని ప్రతి సభలోనూ చెబుతారు. అందరి సొత్తుకు ఖర్చు మాత్రం ఒక్కడిదా? ఎక్కడైనా భూయజమానికి ఇలాంటి పనికి డబ్బిస్తున్నారా? ఇస్తే ఏ షరతుల మీద? మా అన్నయ్య "అమ్మేయ్" అంటున్నాడు. దయచేసి ఆ సలహా మాత్రం మళ్ళీ ఇవ్వకండి.

గట్టుమీదిచెట్టు
అమ్మేయండి.
(సరదాకి అన్నాను. కంచె లోపలే ఉండండి.)

దస్తావేజు
ఇస్తున్నారు, చాలా దేశాల్లో. కానీ అందరూ ఇచ్చేది ఒకే రకం డబ్బు కాదు. అక్కడే చాలామంది తికమక పడతారు.

అమెరికాను తీసుకోండి. అక్కడి ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసు అనే ప్రభుత్వ సంస్థ 1987 నుంచి పార్ట్‌నర్స్ అనే కార్యక్రమం నడుపుతోంది. వాళ్ళ జీవశాస్త్రజ్ఞులు మీ భూమికి వచ్చి చూసి, ప్రణాళిక గీసి, పని ఖర్చులో కొంత భరిస్తారు. మీరు కనీసం 10 ఏళ్ళు దాన్ని అలాగే ఉంచుతానని ఒప్పందం రాస్తారు. భూమి మీదే. జనాన్ని లోపలికి రానివ్వాలన్న నిబంధన లేదు.

దీనికి పూర్తిగా వేరైనది అద్దె పద్ధతి. 1985 వ్యవసాయ చట్టంతో వచ్చిన కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్ అదే. సాగు ఆపి గడ్డో చెట్లో పెంచితే 10 నుంచి 15 ఏళ్ళ పాటు ఏటా అద్దె ఇస్తారు.

మీ సమస్యకు దగ్గరిది మూడోది, చిత్తడి నేలల ఈజ్‌మెంట్. మీరు సాగు హక్కును అమ్ముతారు, భూమిని కాదు. శాశ్వతంగా రాసిస్తే ఆ హక్కు విలువ మొత్తం ఇస్తారు. 30 ఏళ్ళకే రాసిస్తే అందులో 50 నుంచి 75 శాతం. కాలువలు పూడ్చే ఖర్చులో వాటా దీనికి అదనం. పట్టా, వేట హక్కు, ఎవరిని రానివ్వాలన్న నిర్ణయం మీ దగ్గరే ఉంటాయి.

కాబట్టి పని ఖర్చు కావాలా, పోయిన ఆదాయానికి బదులు కావాలా, హక్కుకు ధర కావాలా? ముందు అది తేల్చుకోండి. మొదటిది కాంట్రాక్టు. చివరిది మీ తర్వాత తరాలను కూడా కట్టేసే దస్తావేజు.

నీటికాకి
సాగు ఆదాయం ఎలాగూ లేదు కనుక నాకు కావలసింది మొదటిదే అనుకుంటున్నాను. పని ఖర్చు వస్తే చాలు.

పాలపిట్ట
"పని ఖర్చు వస్తే చాలు" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మా కుటుంబానికి ఒక వాలు నేల ఉంది. నిండా లాంటానా అనే బయటి నుంచి వచ్చిన పొద. దాన్ని పీకించి స్థానిక గడ్డి, పొదలు తిరిగి వేయడానికి ఒక సంస్థ సాయం చేసింది, మంచి మొత్తమే. మొదటి ఏడాది ఫొటోలు తీసుకోవడానికి అందరూ వచ్చారు. రెండో ఏడాది లాంటానా ఒక్కటే వచ్చింది.

వేరు ముక్క మిగిలినా, పిట్టలు గింజలు వేసినా అది మళ్ళీ లేస్తుంది. మొక్కగా ఉండగానే చేత్తో పీకేయాలి, అదీ ఏళ్ళ తరబడి. ఆ పనికి మా ఒప్పందంలో పద్దు లేదు. నాటడానికి డబ్బుంది, నాటినదాన్ని బతికించడానికి లేదు. అడిగితే "అది యజమాని వాటా" అన్నారు. ఇప్పుడు ఆ కూలి మేమే ఇస్తున్నాం. నేల బాగుంది, కుందేళ్ళు తిరిగి వచ్చాయి, అది వేరే విషయం. కానీ సాయం దొరికిందని లోకం అనుకుంటున్న పనిలో పెద్ద ఖర్చు మాదే.

లెక్కలపుస్తకం
పాలపిట్ట గారి మాటకు ఇంకొకటి జతచేస్తాను. "ఖర్చు భరిస్తాం" అంటే చాలా పథకాల్లో అర్థం, ముందు మీరు పెట్టండి, తనిఖీ అయ్యాక బిల్లులు చూసి మేం తిరిగి ఇస్తాం అని. యంత్రం అద్దె, కంచె, కూలి అన్నీ మీ చేతి నుంచే ముందు వెళ్ళాలి. వడ్డీకి తెచ్చి పెడితే ఆ వడ్డీ ఎవరూ ఇవ్వరు. అడగవలసినవి: బయానాగా కొంత ఇస్తారా? నా సొంత శ్రమను, నా ట్రాక్టరును నా వాటా కింద లెక్కిస్తారా? వచ్చే మొత్తం మీద పన్ను ఉందా? ఈ మూడో ప్రశ్న సంతకం అయ్యాక గుర్తొచ్చేవాళ్ళే ఎక్కువ.

తుమ్మచెట్టు
నాకొక మౌలిక సందేహం. నీటికాకి గారే చెప్పారు, ఆ నేల పంటకు పనికిరాదని. పనికిరాని నేలను వదిలేయడానికి ప్రజల సొమ్ము ఎందుకు? ఎలాగూ చేయబోయే పనికి డబ్బిస్తే పిట్టలకు కొత్తగా ఒరిగేదేమిటి? ఆ డబ్బుతో నిజంగా చెట్లు నరకబోతున్న వాడిని ఆపవచ్చు కదా.

నీటికాకి
నేను వదిలేస్తే అది చిత్తడి కాదండీ, ఎండిన కలుపు మడి అవుతుంది. కాలువలు ఉన్నంత కాలం నీళ్ళు నిలవవు. వదిలేయడం వేరు, తిరిగి నిలబెట్టడం వేరు.

పాలపిట్ట
అదీ సంగతి. ఏమీ చేయకపోతే ప్రకృతి దానంతట అదే తిరిగొస్తుందనే నమ్మకం చాలామందికి ఉంది. నేలలో పాత విత్తనం మిగిలి, నీటి దారి మారకుండా ఉంటే రావచ్చు. ఆ రెండూ చెడిన చోట వచ్చేది బయటి నుంచి చొరబడిన మొక్కే.

దస్తావేజు
తుమ్మచెట్టు గారి ప్రశ్నను తేలిగ్గా తీసేయకండి, ఈ రంగంలో అతి పాత తగువు అదే. కోస్టారికా 1996లో అటవీ చట్టం తెచ్చి, అడవిని నిలిపే యజమానులకు చెల్లింపులు మొదలుపెట్టింది. కర్బనాన్ని పట్టి ఉంచడం, నీరు, జీవవైవిధ్యం, ప్రకృతి అందం అనే నాలుగు సేవలకు ఆ డబ్బు. ఇంధనం మీద పన్నులో ఒక భాగం దానికి మళ్ళించారు. దేశంలో అడవి పెరిగింది, ప్రపంచమంతా చూసి వెళ్ళింది.

తుమ్మచెట్టు
అదే చట్టం అడవిని వేరే వాడకానికి మార్చడాన్ని నిషేధించింది కూడా, ఆ వాక్యం వదిలేశారు. పైగా పశుమాంసానికి గిరాకీ పడిపోయి పచ్చికబయళ్ళను అంతకు ముందే వదిలేయడం మొదలైంది. అడవి తిరిగొచ్చింది చెల్లింపు వల్లనా, నిషేధం వల్లనా, మార్కెట్టు వల్లనా? విడదీసి చెప్పడం అంత సులువు కాదు.

దస్తావేజు
నిజమే, మూడూ కలిశాయి. కానీ నిషేధం ఒక్కటే పెట్టి ఊరుకుంటే యజమాని దాన్ని అంత మౌనంగా ఒప్పుకునేవాడా? చెల్లింపు వల్లే ఆ నిషేధం మింగుడుపడింది అని నా అభిప్రాయం.

గట్టుమీదిచెట్టు
పాములకు కూడా డబ్బిస్తారా? కొంగకు ఒక రేటు, తాచుపాముకు ఒక రేటు ఉంటే నా పెరడు ఇప్పటికే లాభాల్లో ఉంది.

వలసపక్షి
నవ్వుతారు గానీ దాదాపు అలాంటిదే ఉంది. ఐర్లండులో బరెన్ అనే సున్నపురాయి ప్రాంతం. అక్కడ పచ్చికకు మార్కులు వేస్తారు, పదికి ఇన్ని అని. గడ్డిలో రకరకాల పూలమొక్కలు ఎంత బాగుంటే అంత మార్కు, మార్కును బట్టి రైతుకు డబ్బు. ఎలా చేశావని అడగరు, ఏం వచ్చిందో చూస్తారు. రైతులు సొంత బుర్ర వాడటం మొదలుపెట్టారు, పక్క పొలం మార్కులతో పోటీ కూడా.

నీటికాకి గారూ, మీ కంచె గురించి కూడా అక్కడ నేర్చుకోవలసింది ఉంది. బరెన్‌లో శీతాకాలం పశువులు మేయడం వల్లే పూలు బతుకుతున్నాయి. మేత తగ్గిన చోట పొదలు కమ్ముకున్నాయి. పశువులను పూర్తిగా వెళ్ళగొట్టడమే సంరక్షణ అనుకోకండి.

నీటికాకి
మాది పూలగడ్డి కాదు, తుంగ, జమ్ము. పశువులు దిగితే గట్టు తొక్కి బురద చేస్తాయి.

చెరువుగట్టు
కంచె మీద వలసపక్షి గారితో సగం ఏకీభవిస్తాను. నీళ్ళ అంచున నేను తడి పచ్చిక నిర్వహిస్తున్నాను. జమ్ము ఒక్కటే గోడలా పెరిగిపోతే నీటికోళ్ళకు పనికొస్తుంది గానీ, బురదలో ముక్కు పెట్టి తినే ఉల్లంకులకు చోటు ఉండదు. మేం గుడ్లు పెట్టే కాలంలో పశువులను ఆపుతాం, తర్వాత కొద్దికాలం కొన్నింటినే వదులుతాం. కాబట్టి తెరిచి మూసే కంచె వేయండి. ఒప్పందంలో "పశువులు నిషేధం" అని గుడ్డిగా రాస్తే సంతకానికి ముందే మార్పించండి, తర్వాత మార్చడం నరకం.

వలసపక్షి
ఇంకో మాట. మొత్తం నేల శాశ్వతంగా ఇవ్వాల్సిన పని లేని పద్ధతి కూడా ఉంది. కాలిఫోర్నియాలో నేచర్ కన్సర్వెన్సీ అనే సంరక్షణ సంస్థ 2014లో బర్డ్‌రిటర్న్స్ అనే పథకం మొదలుపెట్టింది. వలస పక్షులు దిగే వారాల్లో వరి మడుల్లో లోతు తక్కువగా నీళ్ళు నిలిపితే డబ్బిస్తారు. ఎంతకు నిలుపుతావో రైతే వేలంలో ధర చెబుతాడు, తక్కువకు మంచి చోటు ఇచ్చినవాడికి దక్కుతుంది. ఏ వారంలో ఎక్కడ నీళ్ళు కావాలన్నది పక్షిప్రియులు ఈబర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేసిన లెక్కల నుంచి తీశారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం కూడా 2001లో బుష్‌టెండర్ పేరుతో ఇలాంటి వేలమే పెట్టింది, అక్కడ స్థానిక పొదల సంరక్షణకు.

నీటికాకి
ఇది నాకు తెలియదు! పై మడుల్లో ఇలా చేయవచ్చు.

చెరువుగట్టు
చేయవచ్చు, కానీ కొన్ని వారాల అద్దె నీరు ఎగిరొచ్చే పిట్టకే. కప్ప, తాబేలు అద్దె ఇంట్లో ఉండలేవు. దిగువ ముక్కను దీనితో కలపకండి.

తుమ్మచెట్టు
వేలంలో నాకు నచ్చనిది, ఎక్కువ భూమి ఉన్నవాడు తక్కువ ధర చెప్పగలడు. చిన్న రైతుకు కాగితాల ఖర్చే ఎక్కువ. పథకం పేరు ఏదైనా చెక్కు వెళ్ళేది పెద్ద గేటు ఉన్న ఇంటికే.

లెక్కలపుస్తకం
దానికి మందు, ఇరుగుపొరుగు కలిసి ఒకే దరఖాస్తు పెట్టడం. ఆవాసానికీ అదే మేలు, ఒక్కో ముక్క విడిగా ఉండేకన్నా ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనే జంతువులు తిరగగలవు. అయితే కలిసి పెట్టిన దరఖాస్తులో ఒకరు తప్పుకుంటే మిగిలినవాళ్ళ గతి ఏమిటో ముందే రాసుకోవాలి.

జామచెట్టునీడ
ఎవరూ అడగడం లేదు గానీ నా భయం వేరే. నేను నేలను బాగుచేశాను, రక్షిత జాబితాలో ఉన్న జంతువు ఒకటి వచ్చి గూడు పెట్టింది. రేపటి నుంచి నా భూమిలో నేను గట్టు కూడా కదపలేకపోతే? సాయం తీసుకుని సంకెళ్ళు కొనుక్కున్నట్టు కాదా?

దస్తావేజు
ఆ భయం వల్ల నిజంగా నష్టం జరిగింది. అమెరికా ఆగ్నేయంలో రెడ్ కాకేడెడ్ అనే వడ్రంగిపిట్ట ముదురు పైన్ చెట్లలోనే తొర్ర చేసుకుంటుంది. అది వస్తే చట్టం వస్తుందని, చెట్లు ముదరక ముందే నరికేసిన యజమానులు ఉన్నారు. కాపాడాల్సిన చట్టమే గూడు పోగొట్టిందన్నమాట. దానికి విరుగుడుగా 1995లో నార్త్ కరోలినాలో సేఫ్ హార్బర్ ఒప్పందాలు మొదలయ్యాయి. మొదట మీ నేలలో ఎన్ని పిట్టలున్నాయో లెక్కపెడతారు. అంతవరకే మీ బాధ్యత. మీరు బాగుచేసినందుకు అదనంగా వచ్చినవాటికి కొత్త ఆంక్షలు రావు. 2024లో ఆ పిట్టను అంతరించే ముప్పున్న వర్గం నుంచి ముప్పు కాస్త తక్కువున్న వర్గానికి మార్చారు. ఆ ఘనత ఒప్పందాలది ఒక్కటే అనను, కానీ ప్రైవేటు అడవులు కలిసిరాకుండా అది జరిగేది కాదు.

నన్నడిగితే కొందరికి డబ్బుకన్నా ఈ హామీయే పెద్ద సాయం.

జామచెట్టునీడ
భారతదేశంలో అలాంటి హామీ ఉందా?

దస్తావేజు
ఆ రూపంలో లేదు. 2002లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి 36సీ సెక్షను చేర్చారు. దాని ప్రకారం స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వ్యక్తి లేదా సమూహం భూమిని రాష్ట్ర ప్రభుత్వం కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. కానీ ప్రకటించాక భూమి వాడకం మార్చాలంటే నిర్వహణ కమిటీ తీర్మానం, దానికి రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం రెండూ కావాలి. ఏటా ఇంత చెల్లిస్తామన్న మాట ఆ సెక్షనులో లేదు. కట్టుబాటు ఉంది, అద్దె లేదు.

పాలపిట్ట
పర్యావరణ పనులకు క్రెడిట్లు ఇచ్చే గ్రీన్ క్రెడిట్ అనే కేంద్ర పథకానికి 2023లో నిబంధనలు వచ్చాయి కదా?

చెరువుగట్టు
వచ్చాయి. 2024లో ఇచ్చిన మొదటి విధానం అటవీ శాఖ అధీనంలోని క్షీణించిన భూముల్లో మొక్కలు నాటడానికే. సొంత భూమిలో చిత్తడి తిరిగి తెచ్చినవాడికి అందులో గది లేదు. పైగా పొద నేలలను కూడా చెట్లు నాటాల్సిన ఖాళీ జాగాల్లో కలిపారు. గుంటనక్క, కృష్ణజింక, బట్టమేకపిట్ట బతికేది అలాంటి చోటే. చెట్టు లేని చోటల్లా బీడు అనుకునే అలవాటు పథకాలు రాసేవాళ్ళకు ఎప్పుడు పోతుందో! గడ్డినేలలో చెట్లు నాటితే ఆవాసాన్ని బాగుచేసినట్టు కాదు, పాతిపెట్టినట్టు.

కర్బనసేవలు
సభ్యులకు శుభవార్త! మీ భూమిని మాకు 40 ఏళ్ళకు అప్పగించండి, క్రెడిట్ల ద్వారా హామీ ఆదాయం, నమోదు రుసుము స్వల్పం…

నిర్వాహకుడు
పై సభ్యుడి మిగతా టపాలు, ఫోను నంబరు తొలగించాను. ముందుగా రుసుము అడిగేవారికి ఏ కాగితమూ ఇవ్వకండి. చర్చ కొనసాగించండి.

లెక్కలపుస్తకం
సమయానికే వచ్చాడు మహానుభావుడు. మార్కెట్టు ద్వారా డబ్బు రావడమే తప్పని అనను. ఇంగ్లండులో 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద నిర్మాణాలు చేపట్టేవారు జీవవైవిధ్యాన్ని కనీసం 10 శాతం పెంచి చూపించాలి. తమ స్థలంలో కుదరకపోతే ఆవాసం బాగుచేసిన భూయజమాని దగ్గర ఆ పెరుగుదలను కొలిచే యూనిట్లు కొంటారు. యజమాని 30 ఏళ్ళు దాన్ని నిలబెట్టాలి. పాలపిట్ట గారు చెప్పిన నిర్వహణ ఖర్చు ధరలోనే కలుపుకోవచ్చు, అది మంచి విషయం. తప్పుడు లెక్క వేసి తక్కువకు అమ్మితే ఆ 30 ఏళ్ళు మన జేబుకే చిల్లు.

పన్ను దారిలో మోసం కూడా చూశాం. అమెరికాలో ఈజ్‌మెంటును దానం చేస్తే పన్ను మినహాయింపు ఉంది. కొందరు బృందాలు కట్టి, భూమి విలువను ఆకాశానికి పెంచి చూపించి మినహాయింపులు పంచుకున్నారు. 2016 చివర్లో పన్ను శాఖ వీటిని అనుమానాస్పద లావాదేవీల జాబితాలో పెట్టింది, 2022 చివర్లో చట్టమే పరిమితి విధించింది. నష్టం ఎవరికంటే, నిజాయతీగా దానం చేసినవాడి మీద కూడా అనుమానపు చూపు పడింది.

తుమ్మచెట్టు
ఇంత చెప్పారు, ఒప్పందం ముగిసిన మర్నాడు ఏమవుతుందో ఎవరూ చెప్పరు. దస్తావేజు గారు పైన పొగిడిన అద్దె పథకంలో 2007లో 3.68 కోట్ల ఎకరాలు ఉండేవి. తర్వాత మొక్కజొన్న, సోయా ధరలు పెరిగాయి. గడువు తీరినవాళ్ళు చాలామంది గడ్డి దున్నేశారు, చట్టం కూడా పరిమితిని 2.4 కోట్లకు దించింది. ఏళ్ళ తరబడి కట్టిన అద్దె ఒక్క దుక్కిలో పోయింది.

దస్తావేజు
పొగడలేదు, వివరించాను. మీరు చెప్పినది ఒప్పుకుంటాను, అందుకే శాశ్వత ఈజ్‌మెంటు వైపు మొగ్గుతాను.

పాలపిట్ట
నేను మొగ్గను. అరవై ఏళ్ళ తర్వాత ఆ నేలకు ఏం కావాలో ఇప్పుడు రాసిపెట్టడం ఎలా? వానలు మారుతున్నాయి. ఈ రోజు "ఈ గట్టు ఇంత ఎత్తే" అని శాసనం రాస్తే అప్పుడు అదే అడ్డు కావచ్చు.

దస్తావేజు
అందుకే మంచి దస్తావేజులో ఉద్దేశాన్ని శాశ్వతం చేస్తారు, పద్ధతిని కాదు. నిర్వహణ ప్రణాళికను విడిగా పెట్టి, ఇరుపక్షాలూ కూర్చుని మార్చుకునే వీలు ఉంచుతారు.

చెరువుగట్టు
నీటికాకి గారూ, డబ్బు సంగతి పక్కన పెట్టి ఒక ప్రశ్న. మీ కాలువలోకి పై పొలాల నీళ్ళు కూడా వస్తాయా?

నీటికాకి
వస్తాయి. ఎగువన ఇద్దరి పొలాల మురుగు మా కాలువ గుండానే పోతుంది.

చెరువుగట్టు
అయితే పూడ్చకండి! కాలువ పూడిస్తే మీ చిత్తడితో పాటు వాళ్ళ పంట కూడా మునుగుతుంది. సాయం సంగతి తర్వాత, ముందు కోర్టు నోటీసు వస్తుంది. వాళ్ళ నీటికి పక్క నుంచి దారి వదిలి, మీ లోపలి కాలువలనే అక్కడక్కడా మట్టి కట్టలతో ఆపాలి. ఒక కట్టకు పలకలు తీసి పెట్టే తూము ఉంటే మట్టం మీ చేతిలో ఉంటుంది. ముందు నేల మట్టాలు కొలిపించండి. మంచి పథకాల్లో ఈ సర్వే, డిజైను వాళ్ళే చేస్తారు, నా దృష్టిలో నగదు కన్నా అదే విలువైన సాయం.

నీటికాకి
అంటే దరఖాస్తులో కూలి, కంచె కన్నా ముందు సర్వే అడగాలి. ఎగువ వాళ్ళిద్దరిలో ఒకరితో మాకు మాటల్లేవు, అది వేరే తలనొప్పి.

గట్టుమీదిచెట్టు
ఆ తలనొప్పికి ఏ దేశంలోనూ సబ్సిడీ లేదు.

లెక్కలపుస్తకం
మాటలు లేకపోయినా సంతకం కావాలి. మీ పని వల్ల ఆయన పొలంలో నీళ్ళు నిలిస్తే పరిహారం ఎవరు కట్టాలో కూడా ఒప్పందంలో రాయించుకోండి. నిర్వహణకు కనీసం మొదటి అయిదేళ్ళ పద్దు విడిగా అడగండి. ఇవ్వకపోతే పని విస్తీర్ణం తగ్గించుకోండి, చేయగలిగినంత ముక్కతోనే మొదలుపెట్టండి.

జామచెట్టునీడ
ఒప్పందం మధ్యలో భూమి అమ్మాల్సి వస్తే?

దస్తావేజు
కొన్నవాడు ఒప్పందాన్ని తన మీద వేసుకుంటే సరి. వేసుకోకపోతే చాలా పథకాల్లో తీసుకున్న డబ్బు, మిగిలిన ఏళ్ళ లెక్కన గానీ మొత్తంగా గానీ, వెనక్కి కట్టాలి. రెండింటిలో ఏదో మీ కాగితంలో చూడండి. ఈజ్‌మెంటు అయితే ఆ ప్రశ్నే లేదు, అది భూమితో పాటే వెళుతుంది, కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు.

నీటికాకి
అన్నయ్యకు ఈ చివరి వాక్యం చూపించను. ఎగువ ఆయన దగ్గరికి మా బాబాయిని పంపిస్తున్నాను, వాళ్ళిద్దరూ ఒకే బడిలో చదివారు. సర్వే మట్టాలు రాగానే ఇక్కడ పెడతాను. చెరువుగట్టు గారూ, ఆ తూము పలకలు చెక్కవా, సిమెంటువా?

చెరువుగట్టు
సిమెంటు చట్రం, చెక్క పలకలు. పలకలు ఒక్కోటి జానెడు ఎత్తుకు మించకుండా చేయించండి, మట్టాన్ని కొద్దికొద్దిగా దించవచ్చు. తాళం తప్పనిసరి. చేపల కోసం పలకలు ఎత్తేసేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు.